పక్క వార్డులో మిడ్‌వైఫ్

నర్సుల సంఘంలో కొత్తగా చేరుతున్న అమ్మాయిలు ఈమధ్య నన్నొక మాట అడుగుతున్నారు. కార్యవర్గంలో మిడ్‌వైఫ్‌కి ప్రత్యేకంగా ఒక స్థానం ఎందుకు, మనమంతా నర్సులమే కదా అని. ఆ ప్రశ్న నాకు కొత్త కాదు. కొన్నేళ్ల కిందట దాన్ని అందరికంటే గట్టిగా అడిగినదాన్ని నేనే. కాబట్టి జవాబు చెప్పాల్సిన బాధ్యత కూడా నాదే.

కోనసీమలో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో నేను హెడ్ నర్సుగా రిటైరయ్యాను. ఊరి పేరూ, మనుషుల పేర్లూ రాయను. వాళ్లలో సగం మంది ఇంకా డ్యూటీలో ఉన్నారు. తక్కిన సగం మంది ఆదివారం చర్చిలోనో, అమలాపురం బస్సులోనో నాకు ఎదురవుతూనే ఉంటారు.

మా నాన్నగారు పరాయి చేలల్లో కూలిపని చేసి నన్ను నర్సింగ్ చదివించారు. ఒకరెక్కువ, ఒకరు తక్కువ అనే మాట వింటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్లు మండేది. సంఘంలోకి నన్ను తీసుకెళ్లింది ఆ మంటే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో లేబర్ రూమ్ డ్యూటీ అంటే శిక్ష. పైవాళ్లకి గిట్టని నర్సుని అందులో వేసి ఏళ్ల తరబడి మరిచిపోయేవారు. కావలసినవాళ్లు కంటి వార్డులో కూర్చుని స్వెట్టర్లు అల్లుకునేవారు. మా సంఘం రెండేళ్లు తిరిగి, ధర్నాలు చేసి, మూడు నెలలకొకసారి ప్రతి నర్సూ వార్డు మారాలనే పద్ధతి తెచ్చింది. దాన్నే రొటేషన్ అంటారు. ఆ వినతిపత్రం మీద మొదటి పది సంతకాల్లో నాదొకటి. తర్వాత పదకొండేళ్లు కార్యదర్శిగా ఉన్నాను. ఎవరు ఏ మినహాయింపు అడిగినా నా దగ్గర ఒకటే మాట ఉండేది: నర్సంటే నర్సే.

ఆ అమ్మాయి మా ఆసుపత్రికి వచ్చేనాటికి నా సర్వీసు ఇంకా నాలుగేళ్లుంది. అల్లవరం వైపు పిల్ల. ముప్ఫై దాటి ఉంటాయి. భర్త మస్కట్‌లో డ్రైవరు. కొంతకాలం స్టాఫ్ నర్సుగా పనిచేశాక, ప్రభుత్వమే ఎంపిక చేసి పంపితే, పద్దెనిమిది నెలలు కాన్పుల పనిలో ప్రత్యేక శిక్షణ తీసుకుని వచ్చింది. ఇక్కడ ఆమెను మిడ్‌వైఫ్ అనే రాస్తాను. అప్పట్లో ఆ మాట నా నోట రాలేదు.

నొప్పులు పడుతున్న ఆడవాళ్లని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, 'ముక్కమ్మా, ముక్కు' అని కేకలు పెట్టడం మాకందరికీ వచ్చిన విద్య. ఆమె వాళ్లని నడిపించేది. కిటికీ ఊచలు పట్టుకుని నిలబడమనేది. తను వెనకాల కూర్చుని నడుము రాసేది. గొంతు పెంచేది కాదు. ఆయమ్మలు మొదట్లో నవ్వుకున్నారు. రెండు నెలలు తిరక్కుండానే, తమ కూతుళ్లకి నెలలు నిండితే ఆమె డ్యూటీ ఎప్పుడో కనుక్కుని మరీ తీసుకొచ్చేవారు. అది నేను చూశాను. చూసి ఊరుకున్నాను.

మూడో నెల చివర కొత్త డ్యూటీ చార్టు గోడకెక్కింది. ఆమెకు మగవాళ్ల వార్డు పడింది. ఆ మధ్యాహ్నం నేను క్యారేజీ విప్పుకుంటుంటే ఒక కాగితం పట్టుకుని వచ్చింది.

"అక్కగారు, సంఘానికి అర్జీ తెచ్చేనండి. మీరు ఒకసారి చూడాలండి."

అందులో మూడు కోరికలున్నాయి. కాన్పుల శిక్షణ పొందినవాళ్లని లేబర్ రూమ్ నుంచి మార్చకూడదని, డ్యూటీ చార్టులో పేరు పక్కన మిడ్‌వైఫ్ అని రాయాలని, సంఘం కార్యవర్గంలో ఒక మిడ్‌వైఫ్ ఉండాలని. పక్క ఊళ్లలో ఇలాంటి శిక్షణ పొందిన మరో ఇద్దరి సంతకాలు కూడా ఉన్నాయి.

"నీ సర్టిఫికెట్ మీద నర్సు, మిడ్‌వైఫ్ అని రెండూ ఉంటాయి కదమ్మా. నా దాని మీదా ఉన్నాయి. మన అందరివాటి మీదా ఉన్నాయి. మరి నీకొక్కదానికి వేరే పేరెందుకు?" అన్నాను.

"అక్కగారు, మీరు ఆఖరిసారి కాన్పు ఎప్పుడు చేసేరండి?"

ఎగతాళిగా అడగలేదు. జ్వరం ఎన్నాళ్ల నుంచి అని రోగిని అడిగినట్టే అడిగింది. నాకు చప్పున లెక్క తేలలేదు. తేలాక చెప్పాలనిపించలేదు. పదేళ్లు దాటింది. హెడ్ నర్సునయ్యాక రిజిస్టర్లూ, మందుల స్టోరూ, సంఘం పనులతోనే సరిపోయింది.

"కార్యవర్గంలో పెడతాలే," అని కాగితం తీసుకున్నాను.

పెట్టాను. మా అధ్యక్షురాలు నాకంటే పెద్దావిడ, మంచి మాటకారి. కాగితం చదివి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఇంకేంటండి, మంత్రసానులకి కూడా సీటు కావాలట," అంది. గది నవ్వింది. ఆ నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇవాళ ఒకరికి మినహాయిస్తే రేపు ఆపరేషన్ థియేటర్ వాళ్లు అడుగుతారు, ఎల్లుండి డయాలసిస్ వాళ్లు అడుగుతారు, చివరికి కష్టమంతా మిగిలినవాళ్ల నెత్తిన పడుతుంది అని నేనే వివరించాను. ఆ వాదనలో తప్పు లేదని ఇప్పటికీ అనుకుంటాను. అది సరిపోని చోట వాడాను, అంతే. అర్జీని ఫైల్లో పెట్టాం.

ఆమె మగవాళ్ల వార్డుకి వెళ్లింది. అదే సమయంలో లేబర్ రూమ్ హెడ్ నర్సు మోకాలి ఆపరేషన్‌కి సెలవు పెడితే, ఆ బాధ్యత నాకు అప్పగించారు. రెండు గదులకీ మధ్య ఒక వరండా, అంతే దూరం.

అది జరిగింది పట్టపగలు, పదకొండు గంటల వేళ. రాజోలు దగ్గర పల్లె నుంచి వచ్చిన ఇరవై మూడేళ్ల అమ్మాయి, మొదటి కాన్పు. అంతవరకూ అన్నీ సవ్యంగానే ఉన్నాయి. మా డాక్టరమ్మ గారు థియేటర్‌లో వేరే ఆపరేషన్ మధ్యలో ఉన్నారు. నాతో ఒక కొత్త నర్సు, ఒక ఆయమ్మ ఉన్నారు. బిడ్డ తల బయటికి వచ్చింది. వచ్చి, మళ్లీ లోపలికి లాగినట్టుగా అక్కడే బిగుసుకుంది. బిడ్డ భుజం తల్లి కటి ఎముకకి తగిలి ఆగిపోయిందని నాకు తెలిసింది. పుస్తకంలో చదివినదే. ఏం చెయ్యాలో కూడా ఎప్పుడో చదివాను. చేతులకి మాత్రం గుర్తు రాలేదు. చేతులు తమకి తెలిసిందే చేశాయి. బిడ్డ తల పట్టుకుని లాగాను. కదల్లేదు. ఇంకొంచెం గట్టిగా లాగాను.

కొత్త నర్సు థియేటర్ వైపు పరుగెత్తింది. ఆయమ్మ నా పక్కనే నిలబడి మెల్లిగా అంది: "పక్క వార్డులో ఆ సిస్టర్ గారు ఉన్నారు కదండి. పిలుచుకురానాండి?"

నేను వెంటనే పిలవమని చెప్పలేదు. మీరు ఈ వాక్యం కోసమే ఇదంతా చదవాలని నా కోరిక. ఎన్ని క్షణాలు ఆగానో చెప్పలేను. ఆమెను పిలిస్తే, నెల కిందట కార్యవర్గంలో నేను చెప్పినదంతా తప్పని ఒప్పుకున్నట్టవుతుంది. బిడ్డ ముఖం నల్లబడుతున్నప్పుడు నా మనసులో మెదిలింది ఆ మాట. తర్వాత తలూపాను. ఆయమ్మ అప్పటికే గుమ్మం దాటేసింది. నా తలూపు కోసం ఆవిడ ఎదురు చూడలేదని తర్వాత చెప్పింది.

ఆమె పరుగున వచ్చింది. చేతులకి గ్లోవ్స్ తొడుక్కుంటూనే, "లాగొద్దండి అక్కగారు, వదిలేయండి," అంది. తల్లి చెవి దగ్గరికి వంగి, "అమ్మా, తిరుగుదాం. మోకాళ్ల మీదకి రా. చేతులు ఆన్చు. నేనున్నాను," అంది. ఆయమ్మా, నేనూ కలిసి ఆ అమ్మాయిని తిప్పాం. బల్ల మీద ఆమె పసిపిల్ల పాకినట్టు నాలుగు కాళ్ల మీద నిలబడింది. మిడ్‌వైఫ్ చెయ్యి లోపలికి పోనిచ్చి వెనక భుజాన్ని పట్టుకుంది. ఒక్కసారి కూడా లాగలేదు. భుజం జారింది, బిడ్డ బయటికి వచ్చింది. మగపిల్లాడు. మెత్తగా, వేలాడిపోతూ ఉన్నాడు. గాలి సంచీతో ఊపిరి ఊదుతుంటే నిమిషానికో, ఇంకొంచెం సేపటికో సన్నగా మూలిగాడు. తర్వాత ఏడ్చాడు. డాక్టరమ్మ గారు థియేటర్ నుంచి వచ్చేసరికి అంతా అయిపోయింది.

మిడ్‌వైఫ్ చేతులు కడుక్కుని, "నేను వార్డుకి వెళ్లాలండి," అని వెళ్లిపోయింది.

వార్డులో అప్పటికే ఒక గొడవ మొదలైంది. సెలైన్ ఎక్కుతున్న ఒక ముసలాయన, పిలిస్తే పలికేవాళ్లు లేక, తనే లేచి బాత్రూముకి వెళ్లబోయి పడ్డాడు. నుదుటి మీద రెండు కుట్లు పడ్డాయి. ఆయన కొడుకు సూపరింటెండెంట్ గారికి కాగితం రాసి ఇచ్చాడు, వార్డులో నర్సు లేదని. సాయంత్రానికి ఆమెకు మెమో వచ్చింది. అనుమతి లేకుండా డ్యూటీ స్థలం ఎందుకు వదిలారో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని.

మర్నాడు పిల్లల డాక్టరు గారు బిడ్డను చూసి, కుడిచెయ్యి సరిగా కదపడం లేదన్నారు. మెడ దగ్గర నరాలు సాగాయట. చాలామందికి నెలల్లో బాగవుతుంది, కొందరికి కాదు అన్నారు. నరాలు ఎప్పుడు సాగాయో నాకు చెప్పనక్కర్లేదు.

సూపరింటెండెంట్ గారు నన్ను గదికి పిలిచారు. చెడ్డ మనిషి కాదు. ఇంకో ఏడాదిలో రిటైరవుతున్నారు.

"రిజిస్టర్‌లో కాన్పు చేసినవాళ్లు అనే గడి ఖాళీగా ఉంచేరేంటండి?"

"రాద్దామనుకున్నానండి."

"బిడ్డ ఆ అమ్మాయి చేతుల్లోనే కదా బయటికి వచ్చేడు. ఆవిడ పేరు రాసేయండి. ఎలాగూ ఆవిడ మీద ఒక మెమో నడుస్తోంది. రెండిటికీ ఒకటే విచారణ సరిపోతుంది. మీకు నాలుగేళ్ల సర్వీసుంది. పెద్దవారు."

ఆయన చెప్పినదాంట్లో అబద్ధం కూడా లేదు. బిడ్డ ఆమె చేతుల్లోకే వచ్చాడు. నేను ఆమె పేరు రాయలేదు. నా పేరూ రాయలేదు. 'డ్యూటీలోని సిబ్బంది' అని రాశాను. సంఘంలో పదకొండేళ్లు తీర్మానాలు రాసిన చెయ్యి కదా, ఎవరినీ పట్టుకోని వాక్యం ఎలా రాయాలో దానికి బాగా తెలుసు. ఆ రోజు అదొక తెలివైన పని అనుకున్నాను.

సంజాయిషీ రాసి ఆమె నాకు చూపించింది. మెమో వచ్చినవాళ్లు కార్యదర్శికి చూపించడం ఆనవాయితీ. నాలుగు వాక్యాలే. కాన్పుల గది నుంచి కబురొచ్చింది, ప్రాణాపాయం అన్నారు, వెళ్లాను, పక్కనున్న వార్డు నర్సుకి చెప్పే వ్యవధి దొరకలేదు. నేను లాగానని అందులో లేదు. ఆలస్యంగా పిలిచానని లేదు.

"ఇంకేమీ రాయలేదేంటమ్మా?"

"నేను వార్డు వదిలి వెళ్లేనండి. అది నేను చెప్పాల్సిన సంగతి, చెప్పేను. ఆ ముసలాయన పడ్డారు, ఆయనకి క్షమాపణ చెప్పి వచ్చేను. ఆ గదిలో అంతకుముందు ఏం జరిగిందో నేను చూడలేదు కదండి. అది చూసినవాళ్లు రాయాలి."

కాగితం మడిచి కవర్లో పెట్టుకుని వెళ్లింది. ఆమె నన్ను నిలదీసి ఉంటే నేను తప్పకుండా ఎదురు వాదించేదాన్ని. అలవాటు అలాంటిది.

ఆ నెలాఖరున అమలాపురంలో సర్వసభ్య సమావేశం జరిగింది. ఒక కల్యాణ మండపం మేడ మీద హాలు, ప్లాస్టిక్ కుర్చీలు, కె.గంగవరం నుంచీ, రాజోలు నుంచీ వచ్చిన నర్సులు. సగం మంది డ్యూటీ దిగి యూనిఫారం చీరలతోనే వచ్చారు. ప్రమోషన్ల సంగతీ, బదిలీల సంగతీ అయ్యాక, ఆఖర్లో ఇతర విషయాల కింద మెమో ప్రస్తావన వచ్చింది. సంఘం ఆమె వైపు నిలబడాలా వద్దా అన్నది విషయం.

అధ్యక్షురాలు ఆమెను లేచి నిలబడమంది. "చూడమ్మా, వార్డు వదిలేస్తే సంఘం ఎలా వెనకేసుకొస్తుంది? అక్కడ మన కార్యదర్శి గారే డ్యూటీలో ఉన్నారు. ముప్ఫై ఏళ్ల సర్వీసు. ఆవిడ ఉండగా నువ్వు వెళ్లాల్సిన అవసరం ఏమొచ్చింది?"

ఆమె నా వైపు చూడలేదు. "అది వారినే అడగాలండి," అని కూర్చుంది.

నేను వేదిక మీద, మినిట్స్ పుస్తకం ముందు ఉన్నాను. పెన్ను మూతపెట్టి లేచాను. నాకు ఉపన్యాసం అలవాటే. ఆ రోజు మాత్రం పొడి పొడిగా వచ్చింది.

"అవసరం వచ్చింది. నాకు చేతకాలేదు. భుజం అడ్డుపడితే నేను తల పట్టుకుని లాగేను. బిడ్డ చెయ్యి ఇప్పుడు లేవడం లేదు, అది నేను లాగడం వల్లే. ఆయమ్మ ఈ అమ్మాయిని పిలుస్తానంటే నేను వెంటనే ఒప్పుకోలేదు. ఎందుకంటే ఈ అమ్మాయి అర్జీని ఫైల్లో పెట్టించింది నేను. నా సర్టిఫికెట్ మీద మిడ్‌వైఫ్ అని ఉంది. నేను మిడ్‌వైఫ్‌ని కాను. ఈ హాల్లో ఎంతమంది అవునో మీరే చూసుకోండి."

వెనక వరుసలో ఎవరో, "ఇదంతా ఇక్కడెందుకండి," అన్నారు. ఇంకొకరు, నేను సంఘం పరువు తీశానన్నారు. రొటేషన్ పోతే మళ్లీ పాత రోజులొస్తాయని, చిన్న నర్సులు కంగారుపడ్డారు. వాళ్ల భయం నిజమైనదే. గంటన్నర వాదించుకున్నాం. చివరికి సగం సగంగా ఒక తీర్మానం అయింది. మెమో విషయంలో సంఘం ఆమె తరఫున నిలబడుతుంది, చార్టులో మిడ్‌వైఫ్ అని రాయమని అడుగుతుంది, శిక్షణ పొందినవాళ్లని లేబర్ రూమ్ నుంచి మార్చొద్దని కోరుతుంది. తీర్మానం తెలుగులో రాయాలి. ఆ పనికి ఏ మాట రాయాలన్న దగ్గర మళ్లీ ఆగాం. మంత్రసాని అని ఎవరూ సూచించలేదు. ఆమెనే అడిగాను. "మిడ్‌వైఫ్ అనే రాయండక్కగారు, పల్లెల్లో అందరికీ తెలుస్తుంది," అంది. కార్యవర్గంలో స్థానం మాత్రం ఆ రోజు ఓటుకి పెడితే ఓడిపోయింది. అది వచ్చింది రెండేళ్ల తర్వాత. అప్పటికి నేను కార్యదర్శిని కాను.

మర్నాడు రిజిస్టర్‌లో 'డ్యూటీలోని సిబ్బంది' కొట్టేసి, పక్కన జరిగింది జరిగినట్టు రాసి సంతకం చేశాను. ఆమె మెమో హెచ్చరికతో ముగిసింది. నాకు విడిగా ఒక మెమో వచ్చింది, మందలింపు వచ్చింది. న్యాయమే. అధ్యక్షురాలు నాతో ఆరు నెలలు మాట్లాడలేదు. తర్వాత ఆవిడ కోడలి కాన్పుకి మిడ్‌వైఫ్ ఏ డ్యూటీలో ఉంటుందో కనుక్కోవడానికి ఫోన్ చేసింది. నేను చెప్పాను.

ఇక్కడితో ఆపితే నా గురించి మీకు కాస్త మంచి అభిప్రాయం మిగులుతుంది. కానీ ఇంకొకచోటికి వెళ్లాల్సి ఉండింది, దానికి నాకు నాలుగు నెలలు పట్టింది. హాలులో తోటివాళ్ల ముందు చెప్పడం ఒక ఎత్తు. ఆ తల్లికి చెప్పడం వేరు.

మిడ్‌వైఫ్ వారానికొకసారి, సెలవు రోజున, బిడ్డ చేతికి కసరత్తు చేయించడానికి ఆ పల్లెకి వెళ్తోందని ఆయమ్మ చెప్పింది. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక నేనూ ఆమెతో వెళ్లాను. రాజోలులో బస్సు దిగి ఆటో ఎక్కాం. చిన్న డాబా ఇల్లు, ముందు కొబ్బరి పీచు డొక్కల రాశి. బిడ్డ తల్లి చాప పరిచింది. మిడ్‌వైఫ్ బిడ్డను పడుకోబెట్టి, చెయ్యి పట్టుకుని మెల్లిగా పైకి, పక్కకి కదిపింది. భుజం ఎత్తు వరకూ వాడే లేపుతున్నాడు. అంతకు పైకి రావడం లేదు. పూర్తిగా బాగవడానికి ఇంకో ఏడాది పట్టింది.

"నన్ను గుర్తుపట్టేవా అమ్మా?" అన్నాను.

"గుర్తేనండి. ఆ రోజు మొదట మీరే ఉన్నారు కదండి."

చెప్పాను. లాగకూడదని, లాగానని, దానివల్లే చెయ్యి ఇలా అయిందని. ఆ అమ్మాయి వింటూ బిడ్డ చొక్కా సర్దింది. వాళ్ల అత్తగారు గుమ్మంలో నిలబడిపోయింది. తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ అమ్మాయి మిడ్‌వైఫ్ వైపు చూసి, నా వైపు చూసి అడిగింది. "ఈ సిస్టర్ గారు ఆ రోజు డ్యూటీలోనే ఉన్నారా అండి?"

"ఉన్నారు."

"ఎక్కడండి?"

"పక్క వార్డులో. మగవాళ్ల వార్డులో."

"వీరికి ఈ పని వచ్చని మీకు తెలుసు కదండి. మరి అక్కడెందుకున్నారండి?"

ఆ ప్రశ్నకి నా దగ్గర పదకొండేళ్లు కూడబెట్టిన జవాబులున్నాయి. సమానత్వం ఉంది, సీనియారిటీ ఉంది, లేబర్ రూమ్‌లో ఏళ్ల తరబడి మగ్గిపోయిన మా పెద్దక్కల కథ ఉంది. అన్నీ నిజాలే. వాటిలో ఒక్కటీ ఆ చాప మీద కూర్చుని చెప్పదగింది కాదు.

"మేమే పెట్టేమమ్మా," అన్నాను.

"ఆయ్," అంది. మా వైపు ఆ మాటకి సరేననీ అర్థం, విన్నాననీ అర్థం. ఏ అర్థంతో అందో నేను అడగలేదు. బిడ్డని ఎత్తుకుని మిడ్‌వైఫ్ చేతికి ఇచ్చి, మా ఇద్దరికీ టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.